పిల్లలతో ఎకో పార్కుకు వెళ్తున్నారా? మొత్తం చూడాలని మాత్రం అనుకోకండి

మహబూబ్‌నగర్ నుంచి జడ్చర్ల వెళ్లే దారిలో అప్పన్నపల్లి దగ్గర ఉన్న ఎకో పార్కు 2,087 ఎకరాలు. ఈ లెక్క ముందే ఎందుకు చెప్తున్నానంటే, ఐదెకరాల చేను ఉన్న రైతుకు కూడా గట్ల వెంబడి ఒక చుట్టు తిరగడానికి ఎంతసేపు పడుతుందో తెలుసు, అలాంటి చేలు నాలుగు వందలకు పైగా కలిపితే ఈ పార్కు. ఊళ్లో చాలామంది ఇప్పటికీ మయూరి పార్కు అనే అంటారు. పేరుకు పార్కు, నిజానికి అది రిజర్వ్ ఫారెస్టు. ముందు భాగంలో పూలమొక్కలు, పిల్లల ఆటస్థలాలు, లోపలికి పోయేకొద్దీ గుట్టలు, చెట్లు, మన పాలమూరు అడవి.

మేం మొదటిసారి పోయినప్పుడు ఇదేం ఆలోచించలేదు. వేసవి సెలవులు మొదలైన వారం, పిల్లలు ఇంట్లో ఉండలేక పోరు పెడుతున్నారు, సరే పదండి అని టిఫిన్లు చేసి, తీరిగ్గా బయల్దేరి, పార్కులో అడుగుపెట్టేసరికి పదకొండు. ఉన్నవి రెండు నీళ్ల సీసాలు. వచ్చాం కదా అన్నీ చూడాలని ఒక చోటి నుంచి ఇంకో చోటికి నడిపించాం. గంట తిరక్కముందే నాలుగేళ్ల చిన్నోడు దారి మధ్యలో మట్టిలో కూర్చుండిపోయాడు, ఎత్తుకుంటే తప్ప కదలనన్నాడు. పెద్దది ఏమీ అనలేదు కానీ ఇంటికొచ్చాక రెండుసార్లు వాంతి చేసుకుంది, రాత్రంతా తలనొప్పి. ఎండదెబ్బ. ఆ రోజు ఏం చూశావమ్మా అని మరుసటి రోజు అడిగితే, 'చాలా నడిచినం' అంది. అంతే, ఇంకేం గుర్తులేదు దానికి.

ఆ తర్వాత చాలాసార్లు వెళ్లాం, ఇప్పటికీ పార్కు మొత్తం చూడలేదు, చూడాలనీ లేదు. ఒక్కసారికి ఒక్క చోటు, రెండు మూడు గంటలు, ఇంకా ఉందాం అని పిల్లలు అంటుండగానే బయటికి. ఇది పాటిస్తే మిగతావన్నీ చిన్న విషయాలే. ఎక్కడికి పోవాలన్నది ముందురోజు రాత్రే పిల్లలతో కూర్చుని అనుకోండి, ఎందుకంటే గేటు లోపలికి పోయాక అడిగితే ఒకడు ఊయల అంటాడు, ఒకతి ఇంకోటి అంటుంది, అక్కడే ఏడుపు మొదలు. ఐదేళ్లలోపు పిల్లలైతే ఆటస్థలం, దాని చుట్టూ ఉన్న మొక్కలు, కూర్చోవడానికి మంచి నీడ, ఇవి చాలు, వాళ్లను లోపలి దారుల్లో నడిపించకండి. ఆరు నుంచి పదేళ్ల వాళ్లకు ఒక నడక దారి ఎంచుకోండి, పోయిన దారినే తిరిగి రండి. తిరిగి వచ్చేటప్పుడు పోయేటప్పుడు కనపడనివి కనపడతాయి, వాళ్లకు అదే ఆట.

కాలం సంగతి. ఏప్రిల్, మే వద్దు. పాలమూరు ఎండ మనకు తెలియంది కాదు, ఆ నెలల్లో పోవాల్సి వస్తే గేటు తెరవగానే లోపల ఉండి తొమ్మిదిన్నరకల్లా బయటపడాలి. జూన్ చివర నుంచి ఫిబ్రవరి దాకా ఎప్పుడైనా బాగుంటుంది, ఒక్కో కాలంలో ఒక్కో అందం. తొలకరి పడ్డాక ఎర్రమట్టిలో ఆరుద్ర పురుగులు వస్తాయి. దసరా ముందు తంగేడు పచ్చగా విరగబూస్తుంది. శివరాత్రి, హోలీ మధ్య మోదుగ చెట్టుకు ఆకు లేకుండా ఒంటినిండా పూలు. పిల్లలు ఒకే చోటికి మళ్లీ మళ్లీ వచ్చినా విసుగు పడకపోవడానికి ఇదే కారణం. ఆదివారం, పండగ సెలవుల్లో మాత్రం జనం ఎక్కువ. వీలైతే మామూలు రోజు పోండి, లేకపోతే ఆదివారం పొద్దున్నే.

బస్సులో పోయేవాళ్లు పల్లె వెలుగు ఎక్కండి. ఎక్కేటప్పుడే కండక్టర్‌కు ఎకో పార్కు దగ్గర దిగుతామని చెప్పండి, ఎక్స్‌ప్రెస్ అయితే అక్కడ ఆపకుండా పోవచ్చు. ఆడవాళ్లకు, ఆడపిల్లలకు జీరో టికెట్టే కాబట్టి ఆధార్ మర్చిపోకండి. నానమ్మనో అమ్మమ్మనో వెంట తీసుకెళ్లండి. పిల్లల్ని చూసుకోవడానికని కాదు, మా ఇంట్లో మా అమ్మ వచ్చిన రోజు పిల్లలు నేర్చుకున్నంత నా వెంట వచ్చిన రోజు ఎప్పుడూ నేర్చుకోలేదు. కానుగ పుల్లతో పళ్లు ఎట్లా తోముకునేవాళ్లు, మోదుగ ఆకులతో విస్తరి ఎట్లా కుట్టేవాళ్లు, బీడీ చుట్టే తునికి ఆకు ఎట్లుంటది, ఇవి ఆమెకు పుస్తకం చూడకుండా తెలుసు. మోదుగ కొమ్మకు ఎక్కడ చూసినా మూడేసి ఆకులే ఉంటాయని ఆమె చెప్పాక మా పెద్దది దారి పొడుగునా లెక్కపెడుతూనే ఉంది.

సంచిలో ఏం పెట్టుకోవాలంటే, నీళ్లు మనిషికి ఒక లీటరుకు తగ్గకుండా. పొడి ఓఆర్ఎస్ ప్యాకెట్లు రెండు, పెద్ద ప్యాకెట్ అయితే సరిగ్గా లీటరు నీళ్లలో మొత్తం ఒకేసారి కలపాలి, సగం సగం వేసి కలిపితే ఆ లెక్క తప్పుతుంది. డబ్బాల్లో అమ్మే తీపి నీళ్లు దానికి బదులు కావు. ప్యాకెట్ దొరక్కపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చదును చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, టీ చెంచాతో కొలిచి కలుపుకోండి. నూలు బట్టలు, పూర్తి చేతుల చొక్కా, టోపీ, కాళ్లకు బూట్లు. చెప్పులు వద్దు, పల్లేరు కాయలు గుచ్చుకుంటాయి. చిన్నోళ్లకు రెండు జతల బట్టలు. తడి తుండు. పాత శతరంజి ఒకటి. బొమ్మలు, ట్యాబ్ ఇంట్లోనే వదిలేయండి, వాటికి బదులు ఒక భూతద్దం కొనండి, స్టేషనరీ షాపుల్లో దొరుకుతుంది. మేం పార్కు కోసం ఖర్చు పెట్టిన దాంట్లో దానికి మించి పనికొచ్చింది లేదు.

తిండి విషయంలో కోతుల్ని గుర్తుంచుకోండి. చేతిలో ప్లాస్టిక్ కవరు కనిపిస్తే చాలు, అందులో తినేది ఉందని వాటికి తెలుసు. స్టీలు డబ్బాల్లో పెట్టి, జిప్పున్న సంచిలో వేసి వీపుకు తగిలించుకోండి. ఎదురుపడితే పిల్లల్ని పరుగెత్తనివ్వొద్దు, కళ్లలోకి చూడనివ్వొద్దు, పళ్లు కనపడేలా నవ్వనివ్వొద్దు, అది వాటికి కొట్లాటకు పిలిచినట్టు. చేతిలోది లాక్కుంటే వదిలేయమని ముందే చెప్పాలి. గీరినా కరిచినా సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి అదే రోజు ఆసుపత్రికి పోవాలి, చిన్నదే కదా అని ఇంటికి రావద్దు. తినడానికి పెరుగన్నం, పులిహోర, ఉడకబెట్టిన పెసర గుడాలు, అరటిపళ్లు, అంతే. నూనె చిరుతిళ్లు దాహం పెంచుతాయి. మా ఇంట్లో సద్ది విప్పే టైం పదిన్నర, ఎవరికీ ఆకలి కాకముందే. ఆకలైన పిల్లాడికి నెమలి చూపించినా ఏడుస్తాడు.

గేటు దగ్గర మూడు పనులు. రేట్లు, వేళలు రాసిన బోర్డు, మ్యాపు బోర్డు ఉంటే అది, ఫోన్లో ఫొటో తీసుకోండి. అందర్నీ బాత్‌రూంకు తీసుకెళ్లండి, వద్దన్నవాళ్లను కూడా, లోపల మళ్లీ ఎప్పుడు కనపడుతుందో చెప్పలేం. మూడోది, ఆ రోజు వేసుకున్న బట్టల్లో పిల్లలకు ఒక ఫొటో తీయండి. ఇది ఎందుకో చెప్తాను.

ఒక ఆదివారం ఆటస్థలం దగ్గర చిన్నోడు కనపడకుండా పోయాడు. జారుడుబండ వెనక మా ఆయన దగ్గర ఉన్నాడని నేను, నా దగ్గర ఉన్నాడని ఆయన. నాలుగు నిమిషాలు కూడా కాదు, కానీ ఆ నాలుగు నిమిషాల్లో వాడు వేసుకున్న చొక్కా రంగు ఏంటని ఒకాయన అడిగితే నాకు నోరు రాలేదు, గుర్తు రాలేదు. నీలమా, ఆకుపచ్చా? వాడు పక్క చెట్టు కింద ఇంకెవరి పిల్లలతోనో మట్టి తవ్వుతున్నాడు. అప్పటి నుంచి మా ఇంట్లో పద్ధతి ఇది. పొద్దున ఫొటో. జేబులో నా ఫోన్ నంబరు రాసిన చీటీ, చేతి మీద కూడా బాల్‌పెన్నుతో. ఒక్కో పిల్లకు ఒక్కో పెద్దమనిషి, 'నువ్వు చూస్తున్నావా' అన్న మాటే లేకుండా, మార్చుకునేటప్పుడు పేరు పెట్టి చెప్పి అప్పజెప్పాలి. పిల్లలకు చెప్పిన మాట ఒక్కటే: అమ్మ కనపడకపోతే నడవొద్దు, ఉన్న చోటే నిలబడి అమ్మా అని కాకుండా నా పేరు పెట్టి గట్టిగా పిలవాలి. అమ్మా అంటే అక్కడున్న అమ్మలందరూ తిరిగి చూస్తారు. నా పేరు పలికితే నేను ఒక్కదాన్నే పరుగెత్తుకొస్తాను.

ఇక లోపల ఏం చేయాలన్నది. పెద్దగా ఏం చేయక్కర్లేదు, పిల్లలు ఆగిన చోట మనం ఆగాలి. ఇది రాయడానికి సులువే కానీ నాకు అలవాటు కావడానికి చాలా రోజులు పట్టింది, ఎందుకంటే టికెట్ కొన్నాం కదా, ముందుకు పోవాలి కదా అనిపిస్తుంది. ఒకసారి పెద్దది దారి పక్కన జిల్లేడు మొక్క దగ్గర కూర్చుంది. ఆకు కింద ఒక గొంగళి పురుగు, ఒంటిమీద నలుపు, తెలుపు, పసుపు చారలు, కొమ్ముల్లా మూడు జతల నల్లటి పోగులు. ఆకు అంచు పట్టుకుని పైనుంచి కిందికి రంపంతో కోసినట్టు తింటోంది, ఒక చివర నుంచి మొదలుపెట్టి వంకీలా కింది దాకా వచ్చి, మళ్లీ తల పైకెత్తి పోయి మొదటి నుంచి. భూతద్దం పెట్టి చూస్తే దాని నోరు కదలడం కనపడింది. నారింజ రంగు రెక్కలతో, కొసల నల్లగా తెల్ల చుక్కలుండే సీతాకోక చిలుక మన ఊళ్లలో ఎక్కడ చూసినా కనపడుతుంది కదా, ఇది దాని పిల్ల. జిల్లేడు పాలలో విషం ఉంటుంది, పురుగు ఆ విషాన్ని ఒంట్లోనే దాచుకుంటుంది, అందుకే పక్షులు దాని జోలికి రావు. ఈ మాట చెప్పాక ఇరవై నిమిషాలు అక్కడి నుంచి లేవలేదు. ఆ రోజు మేం చూసింది ఆ మొక్క, దాని చుట్టూ పది గజాలు. నెల తర్వాత కూడా బళ్లో స్నేహితురాళ్లకు చెప్పిందట.

ఆరుద్ర పురుగు కూడా అంతే. జూన్ చివర, వాన పడి ఆగిన పొద్దున, తడి మట్టి మీద మఖమల్ గుడ్డ ముక్కలా ఎర్రగా పాకుతుంటుంది. అరచేతిలోకి తీసుకుంటే కాళ్లు ముడుచుకుని చచ్చినట్టు పడుకుంటుంది, కదలకుండా పట్టుకుంటే కాసేపటికి ఒక్కో కాలు బయటికి తీస్తుంది. చిన్నోడు ఊపిరి బిగబట్టి చూస్తాడు. చూశాక ఎక్కడ తీసుకున్నామో అక్కడే వదలాలి, అగ్గిపెట్టెలో ఇంటికి తేవొద్దు, చచ్చిపోతుంది.

నడక మధ్యలో పిల్లలు నసిగితే రెండు మూడు ఆటలు ఉన్నాయి. రాలిన ఆకులే ఏరాలి, ఐదు రకాలు, ఒకదానికొకటి పోలిక ఉండొద్దు. ఆకు మీద తెల్ల కాగితం పెట్టి మైనపు రంగు పెన్సిల్ అడ్డంగా రుద్దితే ఈనెలు పడతాయి, కానుగ, మోదుగ, రావి బాగా పడతాయి. ఇంకోటి, అందరూ కళ్లు మూసుకుని వంద లెక్కపెట్టే లోపు ఎన్ని చప్పుళ్లు వినపడ్డాయో చెప్పాలి. పొద్దున్నే అయితే నెమలి అరుపు దొరుకుతుంది. పాలపిట్ట తీగల మీదో ఎండు కొమ్మ మీదో ఒంటరిగా కూర్చుని ఉంటుంది, కూర్చున్నప్పుడు మామూలు గోధుమ రంగు పిట్టలాగే ఉంటుంది, ఎగిరితేనే రెక్కల్లో నీలం కనపడుతుంది. మన రాష్ట్ర పక్షి అదేనని, రాష్ట్ర పుష్పం తంగేడని, చెట్టు జమ్మి అని, జంతువు జింక అని బళ్లో కంఠస్థం పట్టిస్తారు. ఇక్కడ తంగేడు పువ్వును, జమ్మి ఆకును ఒకసారి చేత్తో తాకిస్తే మళ్లీ కంఠస్థం అక్కర్లేదు.

తాకొద్దన్నవి కూడా తెలియాలి. ఇది దయచేసి తేలిగ్గా తీసుకోకండి. గురివింద తీగ కంచెల మీద పాకుతుంది, ఎండిన కాయ పగిలి ఎర్రటి గింజలు, నల్లటి మచ్చతో, ముద్దుగా కనపడతాయి, పిల్లలు జేబులో వేసుకుంటారు. ఆ గింజ కొరికి నమిలితే ప్రాణం మీదికి వస్తుంది. గన్నేరు, పచ్చ గన్నేరు తోటల్లో, రోడ్ల వెంట అందం కోసం పెంచుతారు, ఆకు, పువ్వు, కాయ ఏదీ నోట్లో పెట్టకూడదు. ఉమ్మెత్త కాయ అంతే. జిల్లేడు పాలు కంట్లో పడితే వెంటనే చాలాసేపు మంచినీళ్లతో కడిగి కళ్ల డాక్టరు దగ్గరికి పోవాలి, మేం ఆ రోజు పురుగును చూశామే గానీ ఆకు తెంపలేదు. చలికాలంలో దురదగొండి కాయలు ఎండుతాయి, నూగు ఒంటికి అంటితే రుద్దొద్దు, రుద్దేకొద్దీ లోపలికి దిగుతుంది, ప్లాస్టర్ టేపు అంటించి లాగి, తర్వాత కడగాలి. పిల్లలకు ఇవన్నీ ఒక్కొక్కటిగా గుర్తుండవు కాబట్టి మా ఇంట్లో ఒకటే మాట, అడవిలో దొరికింది నోట్లోకి పోదు, సీతాఫలం అయినా సరే. ఆ పండ్ల కాలంలో, సెప్టెంబరు నుంచి నవంబరు దాకా, రోడ్డు పక్కన గంపల్లో పెట్టుకుని ఆడవాళ్లు అమ్ముతుంటారు, వాళ్ల దగ్గర కొనివ్వండి. మన జిల్లాలోని బాలానగర్ పేరు మీద ఒక సీతాఫలం రకమే ఉందని పిల్లలకు చెప్పడం మర్చిపోకండి.

పాములు, తేళ్లు అడవి అన్నాక ఉంటాయి. దారి వదలకుండా, రాళ్లు ఎత్తకుండా, పొదల్లో చెయ్యి పెట్టకుండా ఉంటే చాలావరకు భయం లేదు. పాము కాటు వేస్తే కట్టు కట్టడం, కోయడం, నోటితో పీల్చడం ఏవీ వద్దు. కదలనివ్వకుండా పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి, నేరుగా ప్రభుత్వ ఆసుపత్రికి. పెద్ద చెట్టు కొమ్మకు తేనెపట్టు కనపడితే వేలు పెట్టి చూపిస్తూ అక్కడే నిలబడకండి, రాయి విసరనివ్వకండి, చప్పుడు చేయకుండా దూరం జరగండి.

జిప్‌లైన్, అంటే తీగకు వేలాడుతూ జారే ఆట, అలాంటి వాటి గురించి ఒక్క మాట. వాటికి ఎత్తు, బరువు హద్దులు ఉంటాయి. క్యూలో అరగంట నిలబెట్టి చివర్లో 'నువ్వు చిన్నోడివి' అనిపించుకుంటే ఆ రోజంతా పాడైపోతుంది, ముందు మీరొక్కరే పోయి అడిగి రండి. ఎక్కించేటప్పుడు హెల్మెట్ గడ్డం కింద బిగించారా, తొడల చుట్టూ పట్టీలు రెండూ పెట్టారా అన్నది మీ కళ్లతో చూడండి. భయపడుతున్న పిల్లని అందరి ముందు బతిమాలకండి, ఇంకోసారి ఎక్కుతుంది.

ఓపిక మిగిలితే, పిల్లలు ఒక కునుకు తీశాక, సాయంత్రం పిల్లలమర్రి. మహబూబ్‌నగర్ ఊరికి నాలుగు కిలోమీటర్ల దూరం. ఏడెనిమిది వందల ఏళ్ల మర్రి అంటారు, ఊడలు దిగి నేలకు తాకి మళ్లీ మానులై, మూడెకరాలకు పైగా అల్లుకుంది, ఏది తల్లి మాను అన్నది చూసేవాళ్లకు తెలియదు. 2017 డిసెంబరులో ఒక పెద్ద కొమ్మ విరిగి పడింది, చెద పట్టింది. అప్పుడు అధికారులు కొమ్మలకు సెలైన్ సీసాలు వేలాడదీసి, ఆసుపత్రిలో మనిషికి ఎక్కించినట్టు చెట్టుకు మందు ఎక్కించారు. ఈ సంగతి చెప్పినప్పుడు మా చిన్నోడు 'చెట్టుకు సూది నొప్పి పుట్టలేదా' అని అడిగాడు. మా చిన్నప్పటిలాగా ఊడలు పట్టుకుని ఊగే రోజులు పోయాయి, కాస్త దూరం నుంచే చూడాలి, అది ఎందుకో ఈ కథ చెప్తే పిల్లలే ఒప్పుకుంటారు. పక్కనే మ్యూజియం ఉంది, శ్రీశైలం ప్రాజెక్టు ముంపులో పోయే ఈశ్వరీపురం గుడిని రాయి రాయి విప్పి తెచ్చి కట్టిన ఆలయం కూడా ఉంది. పెద్ద పిల్లలకు బాగుంటుంది, చిన్నోళ్లకు మర్రి చాలు.

నల్లగొండ, మిర్యాలగూడ వైపు వాళ్లు ఇంత దూరం ఒక్కరోజులో పిల్లలతో వచ్చి పోవడం కష్టం. మీకు నాగార్జునసాగర్‌లో బుద్ధవనం దగ్గర, బుద్ధుడి జీవితం మీద కట్టిన పెద్ద పార్కు అది, 274 ఎకరాలు, 2022 మేలో మొదలైంది. అక్కడ కూడా ఒక్కసారికి ఒక్క భాగమే. నేనైతే జాతక కథల, అంటే బుద్ధుడి పూర్వజన్మల కథల, పార్కుతో మొదలుపెడతాను, ముందురోజు రాత్రి రెండు కథలు చెప్పి తీసుకెళ్తే అక్కడ బొమ్మల్లో వాటిని వెతుక్కుంటారు. రాయి ఎండకు కాలుతుంది, పొద్దునో సాయంత్రమో పెట్టుకోండి, చిన్నోళ్లకు సాక్సులు ఉంచండి.

ఇంటికొచ్చాక పిల్లల్ని అలాగే మంచం ఎక్కనివ్వకండి. సాక్సులు బయటే విప్పించి దులపండి, పల్లేరు, గడ్డి గింజలు ఉంటాయి. గోరువెచ్చని నీళ్లతో స్నానం చేయిస్తూ చెవుల వెనక, చంకల్లో, మోకాళ్ల వెనక, జుట్టు కుదుళ్లలో గోమార్లు పట్టుకున్నాయేమో వేలితో తడిమి చూడండి, ఉంటే చర్మానికి ఆనించి సన్నటి చిమటాతో (ట్వీజర్) పట్టి నిదానంగా నేరుగా పైకి లాగేయాలి, నలపొద్దు. జేబులు తిప్పి చూడండి. మా పెద్దదాని జేబులో ఒకసారి రావి ఆకులు ఏడు దొరికాయి, చిన్నోడి జేబులో గురివింద గింజలు రెండు.